ఇంజన్ పైన సీటు ఎవరిది?

1959లో ఫ్రాన్సులో రెనో కంపెనీ పది రైలు బండ్లు తయారుచేసి జాతీయ రైల్వే ఎస్.ఎన్.సి.ఎఫ్. చేతికి ఇచ్చింది. కార్లు చేసే రెనోయే ఇది కూడా. ఎక్స్ 4201 నుంచి ఎక్స్ 4210 దాకా నంబర్లు. ఎరుపు, మీగడ రంగులు. ఒక్కోటి 27.73 మీటర్ల పొడవు. రెండు చివర్లా డ్రైవర్ కేబిన్లు, వాటి వెనక మామూలు ఎత్తులో ప్రయాణికుల గదులు, సరిగ్గా నడిమధ్యన కప్పుని దాటి పైకి లేచిన అద్దాల గది. జనం వాటిని ‘పానొరమీక్’ అన్నారు. పది బండ్లు తయారైన తర్వాత పదకొండోది రాలేదు.

రైల్వే చరిత్ర పుస్తకాల్లో ఈ పదింటికీ దక్కే చోటు చాలా తక్కువ. పర్యాటకుల కోసం చేసిన ముచ్చటైన ప్రయోగం అని రెండు వాక్యాలు రాసి ముందుకు వెళ్లిపోతారు. నాకు ఆ మాటతో పేచీ ఉంది. పానొరమీక్‌లో అసలు గొప్పతనం అద్దం కాదని నా వాదన. రైలు బండిలో అన్నిటికన్నా మంచి సీటు, అంటే ఇంజన్ పైన ఎత్తుగా ఉండే సీటు, అప్పటిదాకా డ్రైవర్‌ది. ఈ బండిలో అది ప్రయాణికుడిది అయింది. ఈ సంగతి నాకు ఫోటోల్లో కంటే, పుస్తకాల్లో కంటే, హెచ్‌ఓ స్కేలు మోడళ్ల దగ్గరే, అంటే అసలు బండిని 87 రెట్లు కుదించి చేసే బొమ్మ రైళ్ల దగ్గరే బాగా అర్థమైంది. అందుకే బండి గురించీ, మోడళ్ల గురించీ కలిపి రాస్తున్నాను.

ముందు ఆ రకం బండి ఏమిటో చెప్పాలి. ఫ్రెంచివాళ్లు ‘ఓటోరాయ్’ అనేది మనకి కొత్తదేం కాదు. కాకినాడ నుంచి ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి వెళ్లే లైన్లో నడిచిన రైలు బస్సు గుర్తుందా? వేరే ఇంజన్ ఉండదు. డీజిల్ ఇంజన్, డ్రైవరు, ప్రయాణికులు అందరూ ఒకే పెట్టెలో. జనం తక్కువగా ఉండే లైన్లలో పెద్ద రైలు నడిపితే ఖర్చు రాదు కాబట్టి ఇలాంటి బండ్లు పుట్టాయి. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో ఫ్రాన్సు వీటి మీద పెట్టినంత బుర్ర బహుశా ఇంకే దేశమూ పెట్టలేదు. టైర్ల కంపెనీ మిష్లాన్ 1930ల మొదట్లో రబ్బరు టైర్ల మీద పట్టాలెక్కే బండి తెచ్చింది. రేసు కార్ల బుగాటీ కూడా 1933లో రంగంలోకి దిగింది.

బుగాటీ కథ దగ్గర కాస్త ఆగాలి. రోయాల్ అనే అతి ఖరీదైన కారు కోసం ఎత్తోర్ బుగాటీ పెద్ద ఇంజన్లు తయారు చేయించాడు. ఆర్థిక మాంద్యంలో ఆ కార్లు కొనే నాథుడు లేకపోయాడు. మిగిలిపోయిన ఇంజన్లని నాలుగేసి చొప్పున రైలు బండిలో పెట్టాడు. ఒక్కోటి 200 హార్స్‌పవర్. పెట్టె మధ్యలో ఈ ఇంజన్ల గది, దాని పైన కప్పులోంచి పొడుచుకొచ్చిన చిన్న బురుజు, అందులో డ్రైవరు. బండి ఎటు నడిచినా అతను మధ్యలోంచే, కప్పు పైనుంచే చూస్తాడు. రెండు చివర్లా డ్రైవర్ కేబిన్ అక్కర్లేదు కాబట్టి ఆ చోటు ప్రయాణికులకి మిగిలింది. 1934లో ఈ బండి గంటకి 190 కిలోమీటర్లు దాటి రికార్డు పెట్టింది. వాటిలో ఒకటి ఇప్పటికీ ములూజ్ రైల్వే మ్యూజియంలో ఉంది.

యుద్ధం అయ్యాక ఎస్.ఎన్.సి.ఎఫ్. రకరకాల కంపెనీల రకరకాల బండ్ల గందరగోళాన్ని తగ్గించి, కొన్ని ప్రామాణిక నమూనాలు నిర్ణయించుకుంది. వాటిలో అందరికీ బాగా తెలిసింది ఎక్స్ 3800. 1950 నుంచి మొత్తం 251 బండ్లు తయారయ్యాయి. దీనికి కూడా ఒకటే డ్రైవర్ గది, అదీ కప్పు పైన ఒక పక్కకి జరిగి ఉంటుంది, ఇంజన్ భాగం మీద. డ్రైవరు పట్టాలకి అడ్డంగా కూర్చుని, బండి ఎటు పోతే అటు మెడ తిప్పి నడిపేవాడు. పికాసో బొమ్మల్లో ముఖం మీద కళ్లు ఉండాల్సిన చోట ఉండవు కాబట్టి జనం దీన్ని పికాసో అనేశారు. ఆ పేరే నిలిచిపోయింది.

బుగాటీ, పికాసో రెండిట్లోనూ లెక్క ఒకటే. ఇంజన్ కోసం పెట్టెలో కొంత చోటు పోతుంది. దాని పైన ఉన్న చోటు కూడా పోతుంది, శబ్దం, వేడి, వాసన వల్ల అక్కడ ఎవరినీ కూర్చోబెట్టలేం. కాబట్టి ఆ పైచోటు డ్రైవర్‌కి ఇచ్చేశారు. నడిపేవాడికి ఎత్తు అవసరం, దూరం కనబడాలి. మంచి లెక్కే.

పానొరమీక్ గీసిన ఇంజనీర్లు ఆ లెక్కని తిరగేశారు. ఇందులో 825 హార్స్‌పవర్ ఎంజీఓ రకం డీజిల్ ఇంజన్ ఉంటుంది. అదే తరం ఎక్స్ 2800 బండ్లలో వాడిన ఇంజన్ కుటుంబమే. కాని ఇక్కడ అది నేరుగా చక్రాలు తిప్పదు. జనరేటర్ తిప్పుతుంది, ఆ కరెంటుతో మోటార్లు చక్రాలు తిప్పుతాయి. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ దీని మీదే బండి రూపం అంతా నిలబడింది. గేర్లూ షాఫ్టులూ ఉంటే ఇంజన్ చక్రాలకి దగ్గరగా, వాటి వరసలో ఉండక తప్పదు. కేబుళ్లే అయితే ఎక్కడైనా పెట్టొచ్చు. అందుకని బరువైన సరంజామాని పెట్టె నడుమకి చేర్చి, దాని మీద నేల ఎత్తి, ఆ ఎత్తు మీద సీట్లు వేసి, చుట్టూ అద్దాలు బిగించారు. పికాసోలో ఒక్క మనిషి కూర్చున్న చోటు లాంటిదే ఇక్కడ ఒక పెద్ద గది అయింది. డ్రైవరు కిందకి దిగి రెండు చివర్లకి వెళ్లాడు, ముందు పట్టాలు చూసుకోవడానికి అతనికి అక్కడ వేరే అద్దం ఉంది.

ఆ గదిలో కూర్చుంటే కనబడేది పక్క కిటికీ దృశ్యం ఒక్కటే కాదు. ముందున్న గది కప్పు మీదుగా చూపు వెళ్తుంది. మలుపు రాబోతోందని ముందే తెలుస్తుంది. ఎదురుగా ఉన్న వంతెన, దాని అవతల కొండ, ఆ కొండలో సొరంగం నోరు, అన్నీ వచ్చే క్రమంలోనే కనిపిస్తాయి. మామూలు రైల్లో దృశ్యం మనల్ని దాటి వెనక్కి పోతుంది. ఇక్కడ మనవైపు వస్తుంది. రైలు ప్రయాణమంటే ఇష్టపడే ఎవరికైనా ఈ తేడా ఎంత పెద్దదో వేరే చెప్పక్కర్లేదు, చిన్నప్పుడు ఇంజన్ గదిలోకి ఒక్కసారైనా ఎక్కనిస్తారేమో అని ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచినవాళ్లం మనలో చాలామందిమి.

ఈ బండ్లని తిప్పిన లైన్లు కూడా అలాంటివే. వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది సెవెనోల్ రైలు నడిచిన దారి. మధ్య ఫ్రాన్సులోని క్లెర్మాన్-ఫెరాన్ నుంచి దక్షిణాన ఉన్న నీమ్ దాకా 303 కిలోమీటర్లు. దక్షిణాన అలెస్ బొగ్గు గనుల కోసం అలెస్–నీమ్ ముక్క 1840లోనే వేశారు. మధ్యలో కొండల్ని తొలిచి ఉత్తర దక్షిణాల్ని కలపడం 1870కి గానీ పూర్తి కాలేదు. దారి పొడుగునా వందకి పైగా సొరంగాలు.

ఉత్తరం నుంచి బయల్దేరితే లాంజాక్ దాటాక అలియే నది ఇరుకు లోయలోకి వెళ్తుంది లైను. అక్కణ్ణుంచి లాంగోన్య్ దాకా నది, పట్టాలు పక్కపక్కనే వెళ్తాయి. లోయ ఎంత ఇరుకంటే చాలా చోట్ల పక్కన వెళ్లే రోడ్డు లేదు. ఆ అందం చూడాలంటే రైలెక్కాలి, లేదంటే పడవెక్కాలి. లా బస్తీద్ దగ్గర లైను శిఖరానికి చేరుతుంది. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. అటువైపు పడిన వాన అలియే, లువార్ నదుల గుండా అట్లాంటిక్‌కి పోతుంది. ఇటువైపు పడింది రోన్ నదిలో కలిసి మధ్యధరా సముద్రానికి పోతుంది. అక్కణ్ణుంచి దిగుడే. విల్‌ఫోర్ దగ్గర జలాశయం మీదుగా వంతెన దాటుతుంది. 1960ల్లో ఆనకట్ట కట్టాక నీళ్లు పైకి వచ్చి ఆ రాతి వంతెన కాళ్లు మునిగిపోయాయి. తర్వాత షాంబొరిగో వంతెన, అర్ధచంద్రాకారంలో వంగి లోయని చుట్టి వెళ్తుంది. దాని మీద బండి తిరుగుతుంటే అద్దాల గదిలోంచి ముందున్న వంతెన వంపుని ప్రయాణికులు చూడగలిగేవారు. ఆ పైన చెట్ల తీరు మారుతుంది, ఎండ రంగు మారుతుంది, అలెస్ వస్తుంది, నీమ్ వస్తుంది.

సొరంగాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పక్క కిటికీ దగ్గర కూర్చున్నవాడికి సొరంగం అంటే ఉన్నట్టుండి చీకటి, ఉన్నట్టుండి వెలుతురు. ముందు చూపు ఉన్నవాడికి అది వేరే అనుభవం. దూరంగా చిన్న వెలుగు చుక్క పుట్టి, పెరిగి పెరిగి, ఒక చెట్టుగానో ఒక వాగుగానో విచ్చుకుంటుంది. వందకి పైగా సొరంగాలున్న దారిలో ఆ అనుభవం కూడా వందకి పైగా సార్లు.

ఇంకో దారి గ్రెనోబుల్ నుంచి దక్షిణానికి, క్రువా-ఓత్ కనుమ ఎక్కి, వేన్, సిస్తెరాన్ మీదుగా దీన్య్ దాకా. అక్కడ దిగి మీటర్ గేజ్ బండి పట్టుకుంటే నీస్ సముద్రతీరం. ఈ రెండు రైళ్ల అనుసంధానానికి ఆల్పజూర్ అని పేరు. దీన్య్ వెళ్లే ఆ పెద్ద లైను ముక్క 1989లో మూతపడింది. మీటర్ గేజ్ మాత్రం ఇవాళ్టికీ ఉంది.

ఇప్పుడు అసలు పేచీ దగ్గరికి వస్తాను. అద్దాల రైలు ఆలోచన ఫ్రాన్సు సొత్తు కాదు, వాళ్ల కంటే ముందే ఉంది. జర్మనీ 1935లో ‘గాజు రైలు’ అనే పేరుతో కరెంటు బండి చేసింది. నడుం ఎత్తు నుంచి కప్పు దాకా అద్దమే. రెండు తయారైతే ఒకటి యుద్ధంలో పోయింది, రెండోది 1995లో గార్మిష్ దగ్గర ఎదురు రైలుతో ఢీకొని మూలపడింది. చూడ్డానికి పానొరమీక్ కన్నా అదే అందంగా ఉంటుంది, నేనూ ఒప్పుకుంటాను. కాని అది విహారయాత్రల బండి. సెలవు రోజున పొద్దున ఎక్కించుకుని, ఆల్ప్స్ చుట్టూ తిప్పి, రాత్రికి తెచ్చి దింపేది. అమెరికాలో 1945 నుంచి కప్పు మీద గాజు గోపురాలున్న పెట్టెలు వచ్చాయి. అవి టైమ్‌టేబుల్ రైళ్లలో నడిచాయి, గొప్పగా నడిచాయి. కాని వాటి ముందు ఎప్పుడూ పెద్ద డీజిల్ ఇంజన్లు, ఇంకా బోలెడు పెట్టెలు. పైగా అమెరికాలో పెట్టె ఎత్తు 4.8 మీటర్లు దాటినా చెల్లుతుంది. ఐరోపాలో వంతెనలు, సొరంగాలు దాటాలంటే సుమారు 4.28 మీటర్లలో సరిపెట్టుకోవాలి. అర మీటరు తేడాలో ఒక మనిషి తల ఉంటుందా లేదా అనేది తేలిపోతుంది.

పానొరమీక్ ఈ రెండిటి కన్నా కష్టమైన పని పెట్టుకుంది. చిన్న కొలతల్లో, ఒకే పెట్టెలో, తన ఇంజన్ తానే మోసుకుంటూ, గంటకి 130 కిలోమీటర్ల వేగంతో, మామూలు టైమ్‌టేబుల్లో. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పని మీద వెళ్లేవాడు ఎక్కే బండి అది. ఆ దారిలోని ‘సెవెన్’ అనే ఫ్రెంచి కొండల అవతల ఉన్న అత్తగారింటికి వెళ్లే మనిషి పక్కనే పర్యాటకుడు కూర్చుంటాడు. అందుకే దాన్ని పర్యాటకుల ముచ్చట అంటే నేను ఒప్పుకోను. పర్యాటకుల కోసమే అయితే జర్మనీవాళ్ల దారి తేలిక.

ఇదంతా నాకు ఎలా పట్టుబడింది అంటే, మోడళ్ల వల్ల.

హెచ్‌ఓ అంటే 1:87. అసలు బండిలో 87 సెంటీమీటర్లు మోడల్లో ఒక సెంటీమీటరు. 1435 మిల్లీమీటర్ల ప్రామాణిక గేజ్ 16.5 మిల్లీమీటర్ల పట్టాలవుతుంది. పానొరమీక్ సుమారు 32 సెంటీమీటర్లు. ఫ్రాన్సులో బొమ్మ రైలు అంటే ఇంటింటికీ తెలిసిన జూయెఫ్ కంపెనీ జురా కొండల్లోని షాంపాన్యోల్‌లో పుట్టింది. ఇప్పుడు ఆ పేరు బ్రిటన్‌లోని హార్న్‌బీ చేతిలో ఉంది. పెద్ద కంపెనీలతో పాటు ఇత్తడి కిట్లు, రెసిన్ కిట్లు చేసే చిన్న వర్క్‌షాపుల సంప్రదాయం కూడా అక్కడ బలంగా ఉంది. పానొరమీక్ లాంటి అరుదైన బండి మీద ప్రేమని ఎక్కువగా బతికించింది ఆ చిన్నవాళ్లే.

మోడల్ని చేతిలోకి తీసుకుని కప్పు విప్పితే మొదట కనిపించేది మోటార్. మామూలు రైలు బండి మోడల్లో మోటార్‌ని ఎక్కడ దాచాలనేది పెద్ద తలనొప్పి. లోపల సీట్లు కనబడాలి, జనం కనబడాలి, మోటార్ కనబడకూడదు. కొందరు దాన్ని సగం కిటికీల్లోకి వచ్చేలా పెట్టి, కిటికీలకి నల్లరంగు వేసి సరిపెడతారు. పానొరమీక్‌లో ఆ బాధ లేదు. అసలు బండిలో డీజిల్ ఇంజన్ ఎక్కడుందో మోడల్లో మోటార్ కూడా అక్కడే కూర్చుంటుంది, అద్దాల గది నేల కింద. అక్కణ్ణుంచి రెండు సన్నటి షాఫ్టులు చివరి చక్రాల వైపు. 1950ల్లో ఫ్రెంచి ఇంజనీర్లు పడిన ఇబ్బంది, ఇవాళ మోడల్ చేసేవాడు పడే ఇబ్బంది ఒకటే, ఇద్దరికీ జవాబు కూడా అదే. ఇంజన్ గది పైన కనిపించే చోటు ఎవరికివ్వాలి అన్న ప్రశ్న నాకు పుట్టింది అక్కడే. ఏ పుస్తకంలోని పటమూ ఆ ప్రశ్న నాలో పుట్టించలేదు. పటంలో నేల ఎత్తు ఒక గీత. చేతిలో ఉన్న మోడల్లో ఆ ఎత్తు కింద ఏముందో వేలితో తడిమి తెలుసుకోవచ్చు.

రెండో సంగతి పొడవు. చాలా ఏళ్లపాటు కంపెనీలు ఇరుకు మలుపుల్లో తిరగడానికి వీలుగా పొడవైన పెట్టెల్ని కుదించేవి. వెడల్పు, ఎత్తు 1:87 లెక్కలో, పొడవు మాత్రం 1:100 లెక్కలో. ఒకే రకం కిటికీలు వరసగా ఉన్న పెట్టెలో ఒక కిటికీ తగ్గినా చాలామందికి తెలియదు. పానొరమీక్‌ని అలా కుదిస్తే పాడైపోతుంది. మధ్య గదికీ రెండు చివరి గదులకీ మధ్య ఉన్న పాళ్లే దాని రూపం. చివరి గదులు కురచైతే అద్దాల గది మెడ లేని తలలా అయిపోతుంది. ఇల్లు ఇరుకైతే తక్కువ పట్టాలు వేసుకోండి, వెడల్పు మలుపులు వేసుకోండి, నేరుగా ఒకే గీత వేసినా పర్లేదు. ఈ బండి పొడవు మాత్రం కోయకూడదు. ఈ విషయంలో నాకు రాజీ లేదు.

మూడోది అద్దం. ఇక్కడ స్కేలు మనకి ఎదురు తిరుగుతుంది. అసలు బండిలో ఆరు మిల్లీమీటర్ల మందం అద్దం అనుకుంటే, 1:87లో అది 0.07 మిల్లీమీటరు. అచ్చులో పోసే ప్లాస్టిక్ అంత పలచగా రాదు. ఒక మిల్లీమీటరు మందం ఉన్న పారదర్శక ప్లాస్టిక్ మూలల్లో వెలుగుని విరిచేస్తుంది, లోపలి సీట్లు సీసా అడుగులోంచి చూసినట్టు వంకరపోతాయి. మామూలు పెట్టెలో చిన్న కిటికీలు కాబట్టి కన్ను సర్దుకుంటుంది. అద్దమే బండి ముఖమైనప్పుడు దాచడానికి చోటుండదు. పలుచని పారదర్శక షీటు కోసి, ఒక్కో అద్దం విడిగా అతికించడమే మంచి దారి. సూపర్ గ్లూ దగ్గరికి రానివ్వకూడదు, దాని ఆవిరికి పారదర్శక ప్లాస్టిక్ తెల్లగా మసకబారుతుంది. మన ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు ఆరాక కనబడకుండా పోతుంది, అదే చాలు. అద్దం పలచబడితే లోపల పని పెరుగుతుంది. సీట్లకి రంగు వెయ్యాలి, నేలకి రంగు వెయ్యాలి, నిలబడితే రెండు సెంటీమీటర్లు ఉండే మనుషుల్ని కూర్చోబెట్టి వాళ్లకి కళ్లజోళ్లు, టోపీలు పెట్టాలి. ఎవరూ లేని అద్దాల గది చూడ్డానికి అన్యాయంగా ఉంటుంది.

బరువు, వేగం గురించి కూడా ఒక మాట. పొడవు 87 రెట్లు తగ్గితే ఘనపరిమాణం 6,58,503 రెట్లు తగ్గుతుంది. 50 టన్నుల బండి లెక్క ప్రకారం 76 గ్రాములు రావాలి. అంత తేలిక బండి పట్టాల మీద నిలబడి కరెంటు సరిగ్గా అందుకోలేదు, అందుకే మోడళ్లలో కావాలని బరువు వేస్తారు. గంటకి 130 కిలోమీటర్ల వేగం ఒకటిన్నర కిలోమీటరుకి వస్తుంది, మనం తీరిగ్గా నడిచే నడకకన్నా తక్కువ. చాలామంది దీన్ని మూడు నాలుగు రెట్ల వేగంతో తిప్పి, ఏముంది ఇందులో అనుకుంటారు. అసలు వేగంలో తిప్పి చూడండి. సెవెనోల్ దారి మొత్తం ఈ స్కేల్లో వేస్తే మూడున్నర కిలోమీటర్లు అవుతుంది. ఎవరి ఇంట్లోనూ పట్టదు. ఒక సొరంగం, ఒక వంతెన, ఒక మలుపు ఉంటే సరిపోతుంది, ఎందుకంటే ఆ లైను స్వభావమంతా ఈ మూడిట్లోనే ఉంది.

నాలుగోది, నాకు అన్నిటికన్నా విలువైనది. బుగాటీ, పికాసో, పానొరమీక్ మూడింటినీ ఒకే స్కేల్లో బల్ల మీద పక్కపక్కన పెట్టొచ్చు. ఏ మ్యూజియంలోనూ ఈ పని కుదరదు, కుదిరినా మూడింటి కప్పులూ ఒకేసారి చూడాలంటే క్రేన్ ఎక్కాలి. బల్ల మీద కుర్చీలోంచే చూడొచ్చు. 1933 నాటి బురుజు, 1950 నాటి పక్క బురుజు, 1959 నాటి గది. ఇంజన్ మీద చోటు ఒక్క మనిషి నుంచి ఒక గదిలోని అందరికీ ఎలా చేరిందో అక్కడ కళ్లకి కడుతుంది. ఎవరూ ఇలా కావాలని వరసగా గీశారని నేను అనడం లేదు. ఏళ్ల తరబడి ఒకే చిక్కు మీద పనిచేసిన దేశంలో జవాబులు అలా ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కుతాయి, అంతే.

బొమ్మలకి ఇంత డబ్బు పెడతారా అని అడిగేవాళ్లు నాకు తెలుసు. మంచి మోడల్‌కి ధర ఎక్కువే, దాని మీద కస్టమ్స్ డ్యూటీ, కొరియర్ కూడా పడతాయి, పార్సిల్ చేతికి వచ్చి విప్పేదాకా టెన్షనే. నా జవాబు ఇది. పది బండ్లే తయారైన యంత్రం గురించి తెలుసుకోవడానికి మిగిలే మార్గాలు తక్కువ. 1985లో వీటిని సర్వీసు నుంచి తీసేశారు. కొన్నింటిని రైలు ప్రేమికుల సంఘాలు కాపాడుకున్నాయి. ఓవెర్న్ ప్రాంతంలో అంబెర్ ఊరి నుంచి లివ్రాదువా-ఫొరే కొండల్లో తిరిగే పర్యాటక రైల్వేలో పానొరమీక్ నడిచింది. అక్కడికి వెళ్లగలిగినవాళ్లు వెళ్లాలి. వెళ్లలేనివాళ్లకి, వెళ్లినా కప్పు విప్పి చూడలేనివాళ్లకి, మోడల్ ఒక పాఠ్యపుస్తకం. ఫోటో చాలదా అంటే చాలదు. పానొరమీక్ ఫోటోలు దాదాపు అన్నీ బయట నుంచి, పక్క నుంచి తీసినవే. అద్దాల గదిలో కూర్చున్న మనిషి కంటి ఎత్తు ఎంతో, అక్కణ్ణుంచి ముందు కప్పు ఎంత అడ్డొస్తుందో తెలియాలంటే మోడల్ అద్దం దగ్గర ఫోన్ కెమెరా పెట్టి చూడాలి.

మరి అంత గొప్పదైతే పదే ఎందుకు చేశారు అన్నది ఇంకో ప్రశ్న, ఇది న్యాయమైన ప్రశ్న. చిన్న సిరీస్ ఏ రైల్వేకైనా భారమే. పది బండ్ల కోసం ప్రత్యేకమైన అద్దాలు, ప్రత్యేకమైన విడిభాగాలు షెడ్డులో దాచిపెట్టుకోవాలి. గాజు పెరిగినకొద్దీ ఎండాకాలం వేడి పెరుగుతుంది. పైగా ఈ కొండ లైన్లలో జనమే తక్కువ, కార్లు పెరిగాక ఇంకా తగ్గారు. అయినా 26 ఏళ్లు నడిచాయి. ప్రయోగాలు అన్నేళ్లు నడవవు. వాటి తర్వాత ఫ్రాన్సు దృష్టి వేగం మీదికి మళ్లింది, అందులో వాళ్లు సాధించింది ప్రపంచానికి తెలుసు. ఆ క్రమంలో ప్రయాణికుడి చూపు గురించి ఆలోచించడం తగ్గిందని నా అభిప్రాయం.

మన సంగతికి వస్తే, 2017 ఏప్రిల్‌లో విశాఖపట్నం–అరకు మధ్య విస్టాడోమ్ బోగీ మొదలైంది. తర్వాత 2022లో సికింద్రాబాద్–పుణె శతాబ్దికి కూడా తగిలించారు. అరకు లైను అసలు ఇనుప ఖనిజం కోసం వేసింది, బైలడిల్లా గనుల నుంచి విశాఖ ఓడరేవుకి. గనుల కోసం వేసిన అలెస్ లైను చివరికి ఐరోపాలోని అందమైన ప్రయాణాల్లో ఒకటి అయినట్టే, ఇదీ అయింది. అనంతగిరి కొండలు, బొర్రా గుహలు, షిమిలిగూడ, దారిలో యాభైకి పైగా సొరంగాలు. విస్టాడోమ్ రావడం నాకు నిజంగా సంతోషం కలిగించింది. కప్పుకి అద్దాలు, పెద్ద కిటికీలు, తిరిగే కుర్చీలు, ఏసీ, అన్నీ బాగున్నాయి. పానొరమీక్‌కి లేని సుఖాలు కొన్ని ఇందులో ఉన్నాయి.

కాని నేల ఎత్తలేదు. సీటు మామూలు ఎత్తులోనే ఉంది, రైలుకి ముందు ఇంజన్ ఉంది. కప్పు అద్దంలోంచి ఆకాశం కనిపిస్తుంది, కరెంటు తీగలు కనిపిస్తాయి, కొండ అంచు కనిపిస్తుంది. ముందున్న దారి మాత్రం కనిపించదు. అంటే అద్దం మాత్రం తీసుకున్నాం, ఆ చోటు మార్పిడి తీసుకోలేదు. ఇంజన్ వేరు, పెట్టె వేరు అయిన రైల్లో అది కుదరదని అంటారు. నిజమే. అందుకే సొంత మోటార్లున్న మెమూ లాంటి బండి గురించి ఆలోచించాలి. ఎత్తు చాలదంటారా, విశాఖ నుంచి విజయవాడకి 2019లో మొదలైన ఉదయ్ ఎక్స్‌ప్రెస్ డబుల్ డెక్కరే. 25 వేల వోల్టుల తీగల కింద రెండు అంతస్తుల పెట్టె వెళ్తోంది. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు, ఫ్రాన్సు కన్నా వెడల్పు, నిలకడ కూడా ఎక్కువ. అరకు సొరంగాల కొలతలు, మలుపులు, ఎక్కుడు చూసుకోవాల్సిందే, అది ఇంజనీర్ల పని. కాని ‘కుదరదు’ అని చెప్పే ముందు 1959లో అంతకన్నా చిన్న కొలతల్లో కుదిర్చిన బండిని ఒకసారి తెరిచి చూడాలి.

నేను ఈ మధ్య ఆ పని బల్ల మీద మొదలుపెట్టాను. 1:87లో మన బ్రాడ్ గేజ్ 19.3 మిల్లీమీటర్లు అవుతుంది, బజార్లో దొరికే పట్టాలు 16.5. కాబట్టి పట్టాలు కూడా చేత్తో వేసుకోవాలి. రెండు చివర్లా కేబిన్లు, మధ్యలో ఎత్తు గది, ట్రాన్స్‌ఫార్మర్, ఇతర కరెంటు సరంజామా దాని కింద. పై తీగ నుంచి కరెంటు అందుకునే పాంటోగ్రాఫ్ ఎక్కడ పెట్టాలన్నదే ఇంకా తేలలేదు. అద్దాల గది మీద పెడితే ఆకాశం పోతుంది, ముందు గది కప్పు మీద పెడితే చూపుకి అడ్డొస్తుంది. ప్రస్తుతానికి వెనక గది కప్పు మీద పెట్టి, బండి దిశ మారినప్పుడు రెండోది లేచేలా గీసుకున్నాను. కిందకి మడిచిన పాంటోగ్రాఫ్ ఎంత ఎత్తు తింటుందో కొలిచి, అద్దాల గది నేల ఇంకెంత లేపాలో లెక్క వేస్తున్నాను.